తల్లికి అంటురోగం వస్తే బిడ్డకు పాలెలా? నాలుగు దారుల్లో ఏది ఎప్పుడు

బాలింత రిపోర్టు పాజిటివ్ అని తెలిసిన అరగంటలో ఇంట్లోవాళ్లలో ఎవరో ఒకరు కింద మందుల షాపుకు వెళ్లి పాల డబ్బా, సీసా పట్టుకొస్తారు. డాక్టరు చెప్పక ముందే, ఏ రోగమో సరిగ్గా తెలియక ముందే. ఆ తొందరలో పెట్టిన డబ్బా మూడో రోజుకి అలవాటవుతుంది, పదో రోజుకి తల్లి పాలు ఇంకిపోతాయి. తీరా చూస్తే, వచ్చిన రోగం పాల ద్వారా అంటేదే కాకపోవచ్చు.

అందుకే "పాలు ఇవ్వొచ్చా, వద్దా" అని అడిగితే జవాబు తప్పుగా వస్తుంది. అడగాల్సినవి రెండు. ఈ రోగం పాలలో నుంచి పోతుందా, లేక ఊపిరి, తుంపర్లు, చర్మం, రక్తం మీదుగా పోతుందా? తల్లికి ఇప్పుడు కూర్చుని బిడ్డను పట్టుకునే ఓపిక ఉందా? మొదటి ప్రశ్న పాల సంగతి తేలుస్తుంది, రెండోది చేతుల సంగతి. చాలా అంటురోగాల్లో పాలు మంచివే, జాగ్రత్త పడాల్సింది ఊపిరి దగ్గర.

కోవిడ్ దీన్ని అందరికీ ఖరీదుగా నేర్పింది. 2020 ఫిబ్రవరిలో చైనా నిపుణులు బిడ్డను కనీసం 14 రోజులు వేరుగా ఉంచమన్నారు, నేరుగా పాలు పట్టొద్దన్నారు. ఏప్రిల్‌లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా తాత్కాలికంగా వేరు చేయమంది. జులైకల్లా మాట మార్చుకుని, జాగ్రత్తలతో తల్లి గదిలోనే ఉంచొచ్చంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం మొదటి నుంచీ మాస్కు, చేతుల శుభ్రతతో తల్లి దగ్గరే ఉంచి పాలు పట్టమనే చెప్పింది. మన దేశంలో ప్రసూతి, నవజాత శిశు, పిల్లల వైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన సూచనలు కూడా వీలైనంతవరకు తల్లీబిడ్డలను కలిపి ఉంచమనే అన్నాయి. తర్వాత పాలను పరీక్షిస్తే వైరస్ జన్యుపదార్థం ఆనవాళ్లు అక్కడక్కడా కనిపించాయి గానీ, ప్రయోగశాలలో పెరిగే బతికున్న వైరస్ దొరకలేదు. వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు మాత్రం పుష్కలంగా దొరికాయి.

నాలుగు దారులు

ఒకటి, తల్లి మాస్కు పెట్టుకుని నేరుగా రొమ్ము పట్టడం. రెండు, తల్లి పాలు పిండి ఇస్తే ఆరోగ్యంగా ఉన్న ఇంకొకరు ఉగ్గుగిన్నెతో పట్టడం. మూడు, తల్లిపాల బ్యాంకు నుంచి వచ్చిన పాలు. నాలుగు, డబ్బా పాలు. ఈ వరుసే మా వరుస. పైదారి మూసుకుపోయిందని ఖాయంగా తేలితేనే కింది దారిలోకి దిగాలి.

వరుస ఇలా ఎందుకంటే, డబ్బా పాలకు సొంత ప్రమాదాలున్నాయి, అవి రోగాల కాలంలోనే ఎక్కువవుతాయి. ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో హెచ్‌ఐవీ అంటకూడదని ఆ తల్లుల బిడ్డలకు ప్రభుత్వమే ఉచితంగా డబ్బా పాలు ఇచ్చేది. 2006 మొదట్లో భారీ వర్షాలతో నీళ్లు కలుషితమై అతిసారం ప్రబలింది. వందల మంది పసిపిల్లలు చనిపోయారు, జబ్బు పడ్డవాళ్లలో తల్లిపాలు తాగని పిల్లలే ఎక్కువ. ఒక రోగం తప్పించబోయి ఇంకో రోగం నోట్లో పెట్టడమంటే అదే.

ఏ రోగానికి ఏ దారి

కోవిడ్, ఫ్లూ, మామూలు జలుబు జ్వరాలకు మొదటి దారే. ఫ్లూకి రాసే ఓసెల్టామివిర్ తీసుకుంటూ పాలివ్వొచ్చు. జ్వరానికి పారాసెటమాల్ ఇబ్బంది లేదు. అయితే రోగం కాకుండా మందే అడ్డమయ్యే సందర్భం ఒకటుంది. కోవిడ్ రోజుల్లో విరివిగా రాసిన ఫావిపిరావిర్ పాలిచ్చే తల్లులకు సరిపడని మందు. కాబట్టి చీటీ రాయించుకునేటప్పుడే "పాలిస్తున్నాను" అని చెప్పాలి. టీకా మాత్రం అడ్డం కాదు. 2021 మే 19న కేంద్రం పాలిచ్చే తల్లులకూ కోవిడ్ టీకా వేయొచ్చని ప్రకటించింది, టీకా తర్వాత పాలు ఆపాల్సిన పని లేదు.

డెంగీ, చికున్‌గున్యా దోమల రోగాలు. డెంగీ వైరస్ పాలలో కనిపించిన సందర్భాలు ఉన్నా, పాలు ఆపమని ఎవరూ చెప్పడం లేదు. ఇక్కడ మాస్కు పని చేయదు, దోమతెర పని చేస్తుంది. జ్వరమున్న తల్లిని కుట్టిన దోమే కొన్నాళ్లకు బిడ్డకు ప్రమాదం, కాబట్టి తెరలో ఇద్దరూ ఉండాలి. డెంగీలో ఒళ్లు నొప్పులకు ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వేసుకోకూడదు. నేరుగా పట్టే ఓపిక లేకపోతే రెండో దారి.

హెపటైటిస్ బి తల్లి నిశ్చింతగా పాలివ్వొచ్చు, బిడ్డకు రెండు సూదులు పడితే. పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా ఒక తొడకి, 12 గంటల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీల మందు, 0.5 మి.లీ. ఇంకో తొడకి. రెండోది ప్రతి ఆసుపత్రిలో సిద్ధంగా ఉండదు. కాన్పు తేదీకి ముందే అడిగి పెట్టించుకోవాలి, కాన్పయ్యాక వెతికితే గంటలు గడిచిపోతాయి.

క్షయ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే దేశాన్ని బట్టి సలహా మారుతుంది. పాలలో క్షయ క్రిములు పోవు, దగ్గులో పోతాయి. మన దగ్గర పద్ధతి ఏమిటంటే, తల్లి మందులు మొదలుపెట్టి, మాస్కుతో, గాలీ వెలుతురూ ఉన్న గదిలో నేరుగా పాలు పడుతుంది. బిడ్డకు జబ్బు లేదని చూసి, ముందు జాగ్రత్తగా ఐసోనియాజిడ్ కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున 6 నెలలు ఇస్తారు. అమెరికాలోనైతే మందులు మొదలై రెండు వారాలు గడిచి, అంటించే స్థితి దాటిందని తేలేవరకు బిడ్డను వేరుగా ఉంచి పిండిన పాలు పట్టిస్తారు. మన ఇళ్లలో మొదటిదే సబబు అని మా అభిప్రాయం, మందులు నిజంగా మొదలైతేనే. తెమడ పరీక్ష పాజిటివ్ వచ్చి మందులు ఇంకా మొదలవని ఆ నాలుగైదు రోజులకు మాత్రం రెండో దారి మేలు. మొండి క్షయ, అంటే మందులకు లొంగని రకమైతే, లేదా రొమ్ము మీదే క్షయ పుండు ఉంటే నిర్ణయం ఆ విభాగం డాక్టరుదే. బీసీజీ ఎప్పుడు వేయాలో కూడా వాళ్లనే అడగండి.

ఆటలమ్మ. ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, వేపాకు కట్టి ఊరుకుంటారు. పెద్ద పిల్లల్లో అది సరిపోవచ్చు. బాలింత విషయంలో తేదీలే అంతా. కాన్పుకు 5 రోజుల ముందు నుంచి కాన్పయిన 2 రోజుల లోపు తల్లికి పొక్కులు తేలితే బిడ్డకు ప్రాణాపాయం. వైరస్ బిడ్డకు చేరిపోయి ఉంటుంది, దానితో పోరాడే యాంటీబాడీలు తల్లి ఒంట్లో తయారై బిడ్డకు అందడానికి మాత్రం టైము చాలదు. ఈ బిడ్డకు ఆటలమ్మ ఇమ్యునోగ్లోబ్యులిన్ వీలైనంత త్వరగా పడాలి. తల్లికి పొక్కులు తేలి అంతకన్నా ఎక్కువ రోజులైతే యాంటీబాడీలు బిడ్డకు ముందే చేరి ఉంటాయి, భయం తక్కువ. అందుకే మొదటి పొక్కు ఏ రోజు కనిపించిందో తేదీతో సహా డాక్టరుకు చెప్పాలి, "మొన్నెప్పుడో" అంటే కుదరదు. పాల మాటకొస్తే, పొక్కులన్నీ పెచ్చులు కట్టేవరకు కొన్ని ఆసుపత్రులు బిడ్డను వేరుగా ఉంచి పిండిన పాలు పట్టిస్తాయి, కొన్నిచోట్ల కలిపే ఉంచుతారు. ఎలా చేసినా పాలు బిడ్డకే. చనుమొన చుట్టూ పొక్కులుంటే మాత్రం ఆ వైపు నేరుగా పట్టకూడదు. పిండేటప్పుడు పొక్కు రసి తగిలిన పాలు పారబోయాలి.

తట్టు వస్తే దద్దురు తేలిన దగ్గర్నుంచి 4 రోజులు బిడ్డను వేరుగా ఉంచి పిండిన పాలు పట్టాలి. బిడ్డకు ఇమ్యునోగ్లోబ్యులిన్ సంగతి అడగాలి. రొమ్ము మీద హెర్పిస్ పుండు ఉంటే ఆ వైపు మాత్రమే మానాలి, రెండోవైపు పట్టొచ్చు.

హెచ్‌ఐవీ పాలలో నిజంగా పోతుంది. అయినా మన దేశంలో సలహా పాలు మాన్పించడం కాదు. తల్లి ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు తప్పకుండా వేసుకుంటూ, తొలి 6 నెలలు తల్లిపాలు మాత్రమే. బిడ్డకు కనీసం 6 వారాలు నెవిరాపిన్ చుక్కలు. ఆర్నెల్ల తర్వాత పైఆహారం మొదలుపెట్టి పాలు కొనసాగించొచ్చు. మందులు సరిగ్గా వేసుకునే తల్లి కనీసం ఏడాది, రెండేళ్ల వరకూ ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. తొలి ఆర్నెల్లలో అన్నిటికన్నా చెడ్డ ఎంపిక కాసిని తల్లిపాలు, కాసిని డబ్బా పాలు, మధ్యలో చక్కెర నీళ్లు. పైపాలతో పేగు పొర దెబ్బతింటుందని, అక్కడి నుంచి వైరస్‌కు దారి దొరుకుతుందని వైద్యుల అవగాహన. డబ్బా ఎంచుకుంటే డబ్బానే, రొమ్ము ఎంచుకుంటే రొమ్మే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట. అక్కడ చాలాకాలం పూర్తిగా వద్దనేవారు, 2023 నుంచి రక్తంలో వైరస్ లోడు కనిపించనంత తక్కువున్న తల్లితో మాట్లాడి నిర్ణయిస్తున్నారు.

ఇక పాలు ఆపాల్సిన రోగం అంటే ఎబోలా. అది మన దగ్గరిది కాదు గానీ హద్దు ఎక్కడుందో అది చూపిస్తుంది. అక్కడ వైరస్ పాలలోనే ఉంటుంది, తల్లి కోలుకున్నాకా ఉండొచ్చు. అందుకే 24 గంటల తేడాతో వరసగా రెండుసార్లు పాల పరీక్ష నెగటివ్ వచ్చాకే తిరిగి పట్టమంటారు. ఎంపాక్స్‌లో (మంకీపాక్స్) ప్రమాదం ఎక్కువగా చర్మం తగలడం వల్ల. పుండ్లు మానేదాకా నేరుగా పట్టడం ఆపి, డాక్టరు చెప్పినట్టు నడవాలి.

మొదటి దారి చేసే తీరు

తల్లికి మూడు పొరల మాస్కు చాలు. తడిస్తే మార్చాలి, ముందువైపు చేత్తో తాకకూడదు. పట్టే ముందు సబ్బుతో 40 సెకన్లు చేతులు కడగాలి. రొమ్మును ప్రతిసారీ కడగనక్కర్లేదు, నేరుగా దాని మీద దగ్గినప్పుడు సబ్బు నీళ్లతో కడిగితే సరి. పట్టని వేళల్లో ఉయ్యాల ఆరడుగుల దూరంలో, తల్లి ఊపిరి తగిలే వైపు కాకుండా కాళ్ల వైపు. కిటికీ తెరిచి ఉంచాలి. బాలింతకు గాలి తగలకూడదని తలుపులన్నీ మూసేసే అలవాటు ఈ రోజుల్లో పనికిరాదు. ఫ్యాను తల్లి మీదుగా బిడ్డ వైపు వీస్తోందేమో చూడండి, ఆ ఒక్కటీ చాలామంది చూడరు. బిడ్డ మొహానికి మాస్కు, షీల్డు ఎప్పుడూ పెట్టకూడదు, ఊపిరాడదు.

భయంతో చేసే ఇంకో పని, పుట్టగానే బిడ్డకు స్నానం. ఒళ్లు చల్లబడటం తప్ప ఒరిగేదేమీ లేదు. ఒళ్లు తుడిచి, తల్లి ఛాతీకి ఆనించి, తొలి గంటలో ముర్రుపాలు. స్నానం 24 గంటల తర్వాతే. బరువు తక్కువ బిడ్డయితే కంగారూ పద్ధతి, అంటే బిడ్డను తల్లి ఛాతీకి ఒంటికి ఒళ్లు ఆనించి ఉంచడం, మానకూడదు. కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలపై మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టగానే కంగారూ పద్ధతి మొదలుపెట్టిన పిల్లల్లో నెల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి.

రెండో దారి: పిండటం, ఉగ్గుగిన్నె

ఇక్కడే పని ఎక్కువ, తప్పులూ ఎక్కువ. తల్లి ఓపిక లేక పడుకున్నా, వేరే గదిలో ఉన్నా, 24 గంటల్లో 8 సార్లు పిండాలి, రాత్రి కనీసం ఒకసారితో కలిపి. రాత్రిది మానేస్తే పాలు తగ్గడం నాలుగో రోజుకే తెలుస్తుంది. కాన్పయిన గంటల్లోనే మొదలుపెట్టాలి, "పాలు పడ్డాక చూద్దాం" అనొద్దు.

పిండే ముందు రొమ్మును వెచ్చని గుడ్డతో కాసేపు ఒత్తి, మెల్లగా నిమిరితే పాలు చేపుకొస్తాయి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొన నుంచి 3, 4 సెంటీమీటర్ల వెనక పెట్టాలి. ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తెచ్చి నొక్కి వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు, చనుమొనను లాగకూడదు. నొప్పి పుడుతోందంటే పట్టు తప్పని అర్థం. ఒక్కో వైపు 3 నుంచి 5 నిమిషాలు, తర్వాత రెండో వైపు, ఇలా మార్చి మార్చి మొత్తం 20 నుంచి 30 నిమిషాలు.

తొలిరోజు ముర్రుపాలు చుక్కల్లో వస్తాయి. ఇక్కడే "పాలు లేవు" అనేస్తారు. నెలలు నిండిన బిడ్డకు మొదటి రోజు ఒక్కో విడతకు 2 నుంచి 10 మి.లీ. చాలు, రెండో రోజు 5 నుంచి 15. గిన్నె అడుగున కనపడని చుక్కలు సూది తీసిన సిరంజిలో కొలిస్తే సరిపడా ఉన్నాయని తెలుస్తుంది. ఒక్క చుక్క కూడా పారబోయొద్దు.

గిన్నె, మూత 10 నిమిషాలు మరిగించి ఆరబెట్టినవి కావాలి. పిండిన టైము కాగితం మీద రాసి అంటించండి. బయట 25 డిగ్రీల గదిలో 4 గంటలు నిలవ ఉంటాయి. విజయవాడ మే నెల గదిలో అంతసేపు ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టేయాలి, అదీ తలుపులో కాదు, లోపలి గోడ వైపు. ఫ్రిజ్‌లో 24 గంటల లోపు వాడేయడం మంచిది. మన కరెంటు కోతల సంగతి తెలిసిందే, ఆ మేరకు తగ్గించుకోండి. పాలు కాచకూడదు, మైక్రోవేవ్ అసలే వద్దు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి చలి విరగ్గొడితే చాలు. బిడ్డ తాగగా మిగిలినవి ఎంగిలి, దాచొద్దు. తల్లి గది నుంచి గిన్నె బయటికొచ్చేటప్పుడు దాని బయటి అంచు సబ్బు నీళ్ల గుడ్డతో తుడవాలి, తీసుకున్నవారు చేతులు కడగాలి.

పట్టేది ఎవరు? మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లో, కాబట్టి చెయ్యి అమ్మమ్మది. కోవిడ్, ఫ్లూ రోజుల్లో అరవై దాటి, షుగరున్న అమ్మమ్మను తల్లి గదికీ బిడ్డకీ మధ్య తిప్పడం ఆవిడకే ప్రమాదం. టీకా వేయించుకున్న పిన్నో, బిడ్డ తండ్రో మేలు. ఆటలమ్మ అయితే లెక్క మారుతుంది, చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లనే పెట్టాలి, అప్పుడు అమ్మమ్మే సరైన మనిషి కావచ్చు.

బిడ్డను పూర్తిగా పడుకోబెట్టకుండా, వీపు, మెడ ఆనేలా సగం కూర్చోబెట్టాలి. ఉగ్గుగిన్నె ముక్కును కింది పెదవి మూలకు ఆనించి, పాలు పెదవిని తాకేలా వంచి ఆగాలి. బిడ్డ నాలుక చాచి గుటక వేశాకే మళ్లీ వంచాలి. నోట్లో పోయడం మొదలెట్టారా, పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాతల నాటి చెక్కడాల వెండి ఉగ్గుగిన్నె ముచ్చటగానే ఉంటుంది, ఆ చెక్కడాల్లో, ముక్కు లోపలి వంపులో ఎండిన పాల పొర పేరుకుంటుంది. నున్నటి స్టీలుది కొని, సన్నటి బ్రష్షుతో ముక్కు లోపల తోమి మరిగించండి. సీసా పీకకు అలవాటు పడితే తర్వాత రొమ్ము పట్టడం కష్టం, అందుకే గిన్నె.

బ్యాంకు పాలు

దాతలకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడి చేసి నిలవ చేస్తారు. ఆసియాలో మొదటిది 1989లో ముంబయి సయాన్ ఆసుపత్రిలో మొదలైంది, హైదరాబాద్ నీలోఫర్‌లోనూ ఒకటుంది. నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలకే ముందు ఇస్తారు. మూడు కిలోల బిడ్డకు దొరకలేదని కష్టపెట్టుకోవద్దు. పరీక్షలు లేకుండా పక్కింటి తల్లి పాలు పట్టించడం మాత్రం అంటురోగాల కాలంలో సరికాదు.

డబ్బా తప్పకపోతే

పొడి క్రిమిరహితమైనది కాదు. నీళ్లు కళపెళ మరిగించి దించి, అరగంట దాటకుండా, ఇంకా 70 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడే కలపాలి, అప్పుడే పొడిలోని క్రిములు చస్తాయి. ముందు నీళ్లు, తర్వాత పొడి, డబ్బా మీద రాసిన కొలతతో, చెంచా అంచుకు గీసి. తర్వాత చల్లార్చి, ముంజేతి మీద చుక్క వేసి చూసి పట్టాలి. కలిపాక రెండు గంటల్లో వాడనిది పారబోయాలి. ఖర్చు భయంతో పలచగా కలిపితే బిడ్డ ఎండిపోతుంది, బలానికని చిక్కగా కలిపితే ఒంట్లో నీరు తగ్గి ఉప్పు పెరుగుతుంది. ఆరు నెలలకు దాదాపు 20 కిలోల పొడి కావాలి, అంటే 400 గ్రాముల డబ్బాలు యాభై. మొదటి డబ్బా కొనే ముందు ఈ లెక్క వేసుకోవాలి. ఎవరైనా ఉచిత శాంపిల్ డబ్బా చేతిలో పెడితే, 1992 నాటి చట్టం ప్రకారం అది నేరం.

పరుగెత్తాల్సిన గుర్తులు

బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, ఒళ్లు 37.5 డిగ్రీలకు చేరినా, 35.5 కన్నా చల్లబడినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా, ఫిట్స్ వచ్చినా, కదిపితే తప్ప కదలకపోయినా ఇంట్లో ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, తల్లి రోగం ఏమిటో మొదటి మాటలోనే చెప్పండి.

వేరు చేసిన బిడ్డను తిరిగి రొమ్ముకు తేవడం

పది రోజులు గిన్నెతో తాగిన బిడ్డ తల్లి దగ్గరికి రాగానే మొహం తిప్పేసుకోవచ్చు. పాలు ఇంకిపోయాయనుకోకండి. ఏడుపు ముదరకముందే, ఇంకా మగతగా పెదాలు చప్పరిస్తున్నప్పుడు పట్టాలి. బట్టలు విప్పి ఒంటికి ఒళ్లు ఆనించి గంటసేపు ఊరికే పడుకోబెట్టుకోండి. చనుమొన మీద నాలుగు చుక్కలు పిండండి, లేదా ఇంకొకరు చెంచాతో రొమ్ము పైనుంచి పాలు జార్చుతూ ఉంటే బిడ్డ నాకుతూ నోరు తెరుస్తుంది. రొమ్ము పట్టించిన తర్వాతే గిన్నె, ముందు కాదు. రోజూ గిన్నె పాలు కాస్త కాస్త తగ్గిస్తూ రండి. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా ఉచ్చ పోస్తూ, రోజుకు 20 నుంచి 30 గ్రాముల బరువు పెరుగుతుంటే గిన్నె కడిగి లోపల పెట్టేయొచ్చు.